విడాకులును బిడ్డల పెంపకమును

ఉప్పుగూడ రైలుస్టేషనులో ఆదివారము ప్రొద్దున ఫలకనుమాకు పోవు బండి కదలిన పిదప వేదికపై జనము పలుచబడును. గత కొన్ని మాసములుగా అచ్చటి బల్లపై ఒక యువకుడు చేతిసంచితో కూర్చుండుట మేము చూచుచున్నాము. సంచిలో అరటిపండ్లును, ఒక బొమ్మల పుస్తకమును ఉండును. పదిగంటల ప్రాంతమున ఒక వృద్ధుడు ఏడెనిమిదేండ్ల బాలుని చేయి పట్టుకొని వచ్చును. ఆ వృద్ధుడు బాలునికి మాతామహుడు. మామయు అల్లుడును ఒకరినొకరు పలుకరించుకొనరు. బాలుడు చేయి విడిపించుకొని తండ్రికడకు పోవును; వృద్ధుడు వెనుదిరుగును. రెండు గంటలు గడచిన పిదప ఆయన మరల వచ్చి బాలుని తోడ్కొని పోవును.

తండ్రి యిల్లు స్టేషనునకు కూతవేటు దూరము. తల్లి పుట్టినిల్లు ఛత్రినాక వైపున నున్నది. పిల్లవాని నడకకైనను అది పెద్ద దూరము కాదు. అట్లయినను ఆ బాలుడు తండ్రి యింటి గడప త్రొక్కి రెండేండ్లు దాటినది. యింట అడుగుపెట్టనిచ్చిన మరల పంపరేమోయని తల్లివారి భయము. గట్టిగా అడిగిన ఈ రెండు గంటలును పోవునేమోయని తండ్రి భయము. నాయనమ్మ యొకనాడు స్టేషనుకే వచ్చి, మనుమని తల నిమిరి, కొంగుతో కన్నులొత్తుకొని పోయినది. ఆమెకు కాగితములో చోటు లేదు. కాగితములో నున్నవి రెండు పేర్లే.

ఈ వ్యవహారమును మనవారు ఏ మాటతో చెప్పుకొనుచున్నారో పాఠకులు గమనింపవలయును. బిడ్డ తల్లి కస్టడీలో నున్నాడందురు. దొంగతనము చేసి పట్టుబడినవాడును పోలీసు కస్టడీలోనే యుండును. తండ్రి వారమున కొకమారు వచ్చి చూచిపోవుటను మన పాతబస్తీలో ములాఖతు అనువారు కలరు. చంచల్‌గూడ జైలు వాకిట నిలుచువారును ములాఖతుకే నిలుతురు. మాటలు ఊరక పుట్టవు. ఇంగ్లండువారు ఈ సంగతి గుర్తించి 1989 నాటి శిశుశాసనములో కస్టడీ యను మాటను తొలగించి నివాసము, సంపర్కము అను మాటలు పెట్టిరి. ఆ రెండింటిలోను గెలుపోటముల వాసన మిగిలియున్నదని 2014లో వానినికూడ మార్చి, బిడ్డకు చేయు ఏర్పాట్లు అను పేరుతో న్యాయస్థానపు ఆజ్ఞలు వెలువడునట్లు చేసిరి. పేరు మార్చినంతనే మనసులు మారునని మేము చెప్పము. కాని ఏ మాటతో అడిగితిమో ఆ మాటకు తగినదే జవాబుగా వచ్చును.

మన దేశములో ఈ విషయమునకు మూలమైన శాసనము 1890 నాటిది. సంరక్షకులకును మైనరులకును సంబంధించిన ఆ చట్టమే నేటికిని హిందువులకు, మహమ్మదీయులకు, క్రైస్తవులకు, పారసీకులకు అందరికిని ఆధారము. భూవసతి గల మన పాఠకులు ఆ శాసనము నొకమారు తెరచి చూచిన ఆశ్చర్యపడక మానరు. మైనరు భూమిని న్యాయస్థానపు అనుమతి లేక అయిదేండ్లకు మించి కౌలు కీయరాదు, తనఖా పెట్టరాదు, అమ్మరాదు, సంరక్షకుడు జామీను నీయవలయును, లెక్క లప్పగింపవలయును. సెక్షను తరువాత సెక్షను ఈ విధముగా సాగును. ఇక బిడ్డ సంగతి యేమి? బిడ్డ పోషణమును ఆరోగ్యమును విద్యను చూచుకొనవలయునని ఒక్క సెక్షనులో ముగించిరి. పొలము గట్టునకున్న కావలి బిడ్డకు లేదు. ఆనాటి శాసనకర్తల కన్నులయెదుట నున్నది తండ్రి చనిపోయిన ఎస్టేటు వారసుడే గాని, తలిదండ్రు లిరువురు బ్రదికియుండి చెరియొక యింట కాపురమున్న బాలుడు కాడు.

1956లో హిందువుల మైనారిటీ, సంరక్షకత్వ చట్టము వచ్చినది. బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి యని అందు వ్రాయబడినది. అయిదేండ్లు నిండని శిశువు సాధారణముగా తల్లికడ నుండవలయునను మాటయు చేరినది. ఈ తరువాత యను పదము తల్లులను నలువదేండ్లకు పైగా గుమ్మము వెలుపల నిలిపినది. గీతా హరిహరన్ అను రచయిత్రి తన కుమారుని పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబూనగా తండ్రి సంతకము కావలయునన్నారు. ఆమె సర్వోన్నత న్యాయస్థానమున కెక్కినది. తరువాత యనగా మరణానంతరమని కాదు, తండ్రి లేనియెడల, లేక పట్టించుకొననియెడల అని అర్థము చెప్పుకొనవలయునని 1999లో తీర్పు వచ్చినది. వ్యాకరణముతో న్యాయము చేయవలసిన గతి న్యాయమూర్తులకు పట్టినదన్నమాట. శాసనములోని పదము మాత్రము మారలేదు.

పాతబస్తీలో సగము యిండ్లవారికి వర్తించునది మహమ్మదీయ ధర్మశాస్త్రము. హనఫీ మతము ననుసరించి మగబిడ్డ ఏడేండ్ల వరకును, ఆడుబిడ్డ యుక్తవయస్సు వరకును తల్లి పెంపకమున నుండవలయును; దానిని హిజానతు అందురు. బిడ్డ ఖర్చు మాత్రము తండ్రిదే. ఆస్తి విషయములందు సంరక్షకుడును ఆయనయే. పెంచునది ఒకరు, భరించునది మరియొకరు అను ఈ విభజనలో ఒక వివేకము లేకపోలేదు. మన కులపంచాయితీల వాడుకయు దీనికి మిక్కిలి దూరమైనది కాదు. పాలు మానని శిశువు తల్లివెంట పోవుటయు, పెరిగినవారు తండ్రియింట నిలుచుటయు పెక్కు కులములలో నున్న ఆచారము. అన్నింటను లోపమొక్కటే: ఏదో యొక పుట్టినరోజున బిడ్డ ఒక గడప దాటి మరియొక గడప లోపలికి పోవలయును. రెండు గడపలును తెరచియుండునను ఊహ దేనిలోను లేదు.

న్యాయస్థానములు శాసనముకంటె ముందు నడచినవని ఒప్పుకొనవలయును. బిడ్డలు తలిదండ్రుల వస్తుసామగ్రి కారని 1973లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. బిడ్డ క్షేమమే పరమ ప్రమాణమను సూత్రము 1956 నాటి శాసనమునందే కలదు. కాని క్షేమమన నేమో యెవరు చెప్పవలయును? ఈ ప్రశ్న విషయమున మన తెలుగువారి కొక పాత అనుభవమున్నది. విడాకుల వ్యాజ్యము కాకపోయినను, బిడ్డ యెవరి దను వ్యాజ్యములలో అంతకంటె ప్రసిద్ధమైనది ఈ దేశమున లేదు గావున దానిని కొంత వివరముగా చెప్పుదుము.

మదనపల్లెవాడైన జిడ్డు నారాయణయ్య రెవిన్యూ శాఖలో కొలువు చేసి విరమించెను. భార్య సంజీవమ్మ 1905లో గతించెను. 1909లో ఆయన పిల్లలతో మద్రాసు చేరి అడయారులోని దివ్యజ్ఞాన సమాజమున పనికి కుదిరెను. ఆయన కుమారులలో కృష్ణమూర్తి యను బాలుని చూచి సమాజ ప్రముఖుడు లెడ్‌బీటరు ఇతడు రానున్న జగద్గురువునకు పాత్రమగు దేహమని ప్రకటించెను. సమాజాధ్యక్షురాలు అనీబెసెంటు ఆ బాలుని, వాని తమ్ముడు నిత్యానందుని పెంచి చదివింప బూనుకొనెను. 1910 మార్చి 6వ తేదీన నారాయణయ్య తన బిడ్డల సంరక్షణ నామె కప్పగించుచు కాగితము వ్రాసియిచ్చెను. చిన్న పింఛను, తల్లిలేని పిల్లలు, విదేశవిద్య చేతికందుచున్న అవకాశము; ఆ తండ్రి సంతకము చేయుటలో వింత లేదు.

రెండేండ్లలోనే ఆయన మనసు మారెను. లెడ్‌బీటరు సహవాసము తన బిడ్డలకు తగదని ఆయన పట్టుపట్టెను. అప్పటికి బాలురు ఇంగ్లండులో నుండిరి. 1912లో ఆయన చెంగల్పట్టు జిల్లా న్యాయస్థానమున దావా వేసెను. అది మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకు మారెను. నారాయణయ్య పక్షమున సి.పి. రామస్వామి అయ్యరు వాదించెను. బెసెంటు తన వాదము తానే చెప్పుకొనెను. తరువాత 1917లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన ఆ మహావక్త, ఒక తెలుగు పింఛనుదారుని యెదుట ప్రతివాదిగా నిలిచినది. 1913 ఏప్రిలులో న్యాయమూర్తి బేక్‌వెల్ తండ్రి పక్షమున తీర్పు చెప్పి బిడ్డలను ఆయనకు అప్పగింపుమనెను. అదే సంవత్సరము అప్పీలులోను బెసెంటు ఓడెను. పిమ్మట ఆమె ప్రీవీ కౌన్సిలు కెక్కగా 1914 మేలో క్రింది తీర్పులు రెండును రద్దయ్యెను.

ఎందువలన రద్దయ్యెను? తండ్రికి హక్కు లేదనియు కాదు, ఒకమారు వ్రాసిన కాగితము ఆయనను శాశ్వతముగ బంధించుననియు కాదు. ఇంగ్లండులో చదువుకొనుచున్న బాలురు చెంగల్పట్టు జిల్లాలో సాధారణముగ నివసించువారు కారు గనుక ఆ న్యాయస్థానమునకు ఈ వ్యాజ్యమున అధికారము లేదని మొదటి కారణము. రెండవదే మాకు ముఖ్యము: ఇంత వ్యాజ్యము నడచినను ఆ బాలుర పక్షమున మాటాడువారు లేరు, వారి మేలు ఎందున్నదో, వారి కోరిక యేమో విచారించినవారును లేరు. కృష్ణమూర్తి కప్పటికి పందొమ్మిదవ యేడు. మీసము వచ్చిన యువకుని గూర్చి రెండు న్యాయస్థానములు తీర్పు చెప్పినవి. నీ వెక్కడ నుండగోరెదవని ఒక్కరును అడిగినవారు కారు.

కావలసినచో ఇంగ్లండు న్యాయస్థానము నాశ్రయింపవచ్చునన్న దారి నారాయణయ్యకు మిగిలెను. మదనపల్లె పింఛనుదారునకు ఆ దారి యెంత దూరమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆయన పట్ల మాకు సానుభూతి కలదు. పిల్లలను పోగొట్టుకొన్న తండ్రి యాయన. అయినను ఆ బాలుడు చివరకు ఏ పక్షమువారి చేతను ఇమడలేదను సంగతి మరువరాదు. తన కొరకై స్థాపించిన తారాసంఘమును 1929లో కృష్ణమూర్తి తానే రద్దుచేసి వెలికివచ్చెను. తండ్రి కోరిన పుత్రుడును కాలేదు, బెసెంటు కోరిన జగద్గురువును కాలేదు.

సాధారణ నివాసమను ఆ చిక్కు నేటికిని తీరలేదు. అమెరికాలో కాపురమున్న తెలుగు దంపతులు విడిపోవుట, ఒకరు బిడ్డలను తోడ్కొని హైదరాబాదునకు వచ్చి పురానీ హవేలీలో దావా వేయుట, రెండవవారు అచ్చటి న్యాయస్థానము నుండి ఆజ్ఞ తెచ్చుట మన కిప్పుడు వినబడుచున్న కథయే. అట్టి యొక వివాదమున, బిడ్డల నివాసము అమెరికాయే గనుక ఇచ్చటి కుటుంబ న్యాయస్థానమునకు అధికారము లేదనియు, వారిని అచ్చటికి మరల పంపవలయుననియు 2019లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. నూరేండ్ల నాడు చెంగల్పట్టున పొరపాటుపడిన సెక్షనే ఇది. ఆనాడు సముద్రము దాటినవి జగద్గురువులే. ఈనాడు సాఫ్టువేరు కొలువుల వారి బిడ్డలు దాటుచున్నారు.

మైనరు తెలిసి చెప్పగల వయసువాడైనచో వాని యిష్టమును పరిగణింపవచ్చునని 1890 నాటి శాసనమే చెప్పుచున్నది. న్యాయమూర్తులు బిడ్డను లోపలి గదికి పిలిచి మాటాడుటయు కలదు. మంచిదే. కాని ఏమని అడుగవలయును? అమ్మ కావలెనా, నాన్న కావలెనా యని ఏడేండ్ల బిడ్డ నడుగుట, రెండు కన్నులలో ఏది యుంచుకొందువని అడుగుటయే. జవాబు చెప్పిననాటి నుండి వాడు ఒకరికి ద్రోహినను తలంపుతో పెరుగును. చుట్టములు పెండ్లిండ్లలో వేళాకోళమునకు అడుగు ఈ ప్రశ్నను న్యాయస్థానము నిజముగా అడుగుట కంటె దయలేని పని లేదు. వానిని అడుగవలసినవి వేరు: ఎచ్చట చదువుచున్నావు, రాత్రి కథ యెవరు చెప్పుదురు, జ్వరము వచ్చిన ఎవరిని పిలుతువు, నేస్తులు ఎచ్చటి వారు, ఏ యింట నీ వస్తువులున్నవి. ఈ జవాబుల నుండి ఒక దినచర్య పుట్టును. న్యాయస్థానము వ్రాసి యీయవలసినది ఆ దినచర్యయే.

దీనికే ఉమ్మడి పెంపకమని పేరు. ఇది కలలోని మాట కాదు. 2013లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము పండ్రెండేండ్ల బాలుని జనవరి మొదలు జూను వరకు తండ్రికడను, జూలై మొదలు డిసెంబరు వరకు తల్లికడను ఉంచి, ఖర్చులు సమముగా భరింపుమనెను. 2015లో కేంద్ర న్యాయ కమిషను తన 257వ నివేదికలో తలిదండ్రు లిరువురు సమానముగ సహజ సంరక్షకులు కావలయుననియు, ఉమ్మడి పెంపకమునకు చట్టమున చోటు కల్పింపవలయుననియు సిఫారసు చేసినది. బిడ్డకు తలిదండ్రు లిరువురి ప్రేమయు హక్కనియు, చూచుట పొసగని దూరమున నున్నవారికి ఫోనులో ముఖము చూచి మాటాడు ఏర్పాటైన చేయవలయుననియు 2020లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. నివేదిక వెలువడి పదేండ్లు దాటినను ఆ సిఫారసు లింకను శాసనములోని కెక్కలేదు. శాసనసభలలో బిడ్డలకు ఓటు లేదు గదా.

కాని ఉమ్మడి యనగానే సగము సగమని లెక్క కట్టువారితో మాకు ఏకాభిప్రాయము లేదు. ఆస్ట్రేలియాలో 2006లో తలిదండ్రులకు సమాన బాధ్యత యుండవలయునను ముందుభావనను శాసనమున చేర్చిరి. దానిని పలువురు సమాన కాలమని అపార్థము చేసికొనిరి; దౌర్జన్యము జరిగిన యిండ్లలో తల్లులు బిడ్డలను భయపడుచునే పంపవలసివచ్చెనను ఆందోళన పుట్టెను. 2024 మే మాసము నుండి ఆ ముందుభావనను తీసివేసి బిడ్డ క్షేమమును క్షుణ్ణముగ విచారించు పద్ధతినే నిలిపిరి. భార్యను కొట్టిన చేయి బిడ్డకు అన్నము కలిపి పెట్టునని నమ్ముమని ఏ తల్లికిని మేము చెప్పము. మనోవర్తి తప్పించుకొనుటకై ఉమ్మడి పెంపకమను జెండా యెత్తు తండ్రులును కలరు. బిడ్డను చూచుట వేరు, బిడ్డకు పెట్టుట వేరు; చూడనీయలేదని పెట్టుట మానరాదు, పెట్టలేదని చూపుట మానరాదు. పాతబస్తీ వకీలులు ఈ రెండింటిని ఒకే త్రాసున తూచి బేరమాడుటను మేము వింటిమి. బేరము తెగువరకు బిడ్డ పెరుగుట మానునా?

ఊరిలో పాలివారల నడుమ ఉమ్మడి బావి యున్నచో వంతులు వేసికొందురు. ఒకనాడు వీరిది నీరు, మరునాడు వారిది. వంతు తప్పిన తగవు, తలలు పగులుట కలదు. అయినను బావిని రెండుగా నరికినవా డెవడును లేడు. కోపమున దానిలో మన్ను పోసినవాడును తన చేనే యెండబెట్టుకొనును. బిడ్డ బావి కాడు. వంతునకు మించి బిడ్డకు కావలసిన దొకటి యున్నది: ఒకరి యింట నున్నప్పుడు రెండవవారి పేరు నిర్భయముగా పలుకగలుగుట. ఏ ఆజ్ఞయు దీనిని వ్రాసి యీయజాలదు. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చినపుడు న్యాయవాదుల పట్టు సడలించి, సమాధానపరచు సలహాదారులకు చోటు కల్పించుటకు కారణమిదియే. వ్యాజ్యముల సంఖ్య చూడ ఆ సలహాదారులకు ఒక్కొక్క బిడ్డకు ఎంత సమయము దొరకునో ఊహింపవచ్చును. ఆరవ నిజాము దుస్తుల కొరకు పొడవాటి హాలంతయు బీరువాలు నింపిన పురానీ హవేలీలో, తల్లియు తండ్రియు బిడ్డతో కూర్చుండి మాటాడుటకు ఒక ప్రశాంతమగు గది, ఒక చాప, నాలుగు బొమ్మలు ఉండుట అసాధ్యమని మేము నమ్మము.

మరల ఉప్పుగూడకు వత్తుము. గత నెలలో ఇరుపక్షముల పెద్దలు కూర్చుండి, బస్తీలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని చేత ఒక ఒడంబడిక చిత్తు వ్రాయించిరి. దానిని మాకును చూపిరి. పాఠశాల దినములలో బాలుడు తల్లికడ నుండును. శుక్రవారము సాయంకాలము మొదలు ఆదివారము సాయంకాలము వరకు తండ్రియింట, నాయనమ్మకడ. వేసవి సెలవులు చెరిసగము. పాఠశాల రుసుము తండ్రి చెల్లించును. మందుల ఖర్చు ఇరువురిది. జబ్బుపడినచో ఏ వేళనైనను రెండవవారికి కబురంపవలయును. బాలుని యెదుట ఒకరి నొకరు నిందింపరాదని తల్లి పట్టుబట్టి వ్రాయించినది. తాను ఆ పనిని తొలుత చేసినట్లు ఒప్పుకొనినదనియు ఉపాధ్యాయుడు చెప్పెను. సంక్రాంతి ఒకయేడు ఇచ్చట, ఒకయేడు అచ్చట.

బోనాలకడ పని నిలిచినది. పాతబస్తీ బోనాలన్నియు ఆషాఢములో ఒక్క ఆదివారమే. ఉప్పుగూడ మహంకాళమ్మకు నాయనమ్మ బోనమెత్తును. అదే దినము లాల్‌దర్వాజ సింహవాహినికి అమ్మమ్మ బోనమెత్తును. బాలు డెవరి వెంట నడువవలయును? ఒకయేడు విడిచి ఒకయేడు అని ఉపాధ్యాయుడు వ్రాయబోగా ఇద్దరు ముసలమ్మలును ఒప్పుకొనలేదు. ప్రొద్దున ఒక యింట, సాయంకాలము ఒక యింట నన్న మాటపై కొంతసేపు చర్చ జరిగెను. ఎవరిది ప్రొద్దున అనుచోట మరల ఆగినది. ఆ పంక్తిని ఖాళీగా విడిచి మిగిలిన కాగితముపై ఇరువురు సంతకములు చేసిరి. వచ్చు వాయిదానాడు దానిని న్యాయస్థానమున దాఖలు చేయుదురు. ఈ ఆదివారము స్టేషనులోని బల్లపై ఎవరును లేరు.